చివరి స్తంభం కరెంటు, మే నెల ఎండ: ఇంట్లో తయారుచేసుకునే పవర్ సప్లై

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పరిధిలో కృష్ణానది మీద మూడు పెద్ద జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. ప్రియదర్శిని జూరాల వద్ద 39 మెగావాట్ల యూనిట్లు ఆరు, దానికి దిగువన దిగువ జూరాల వద్ద 40 మెగావాట్ల యూనిట్లు ఆరు, నల్లమల కొండల గర్భాన్ని తొలిచి కట్టిన శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉండగా, మూడింటి స్థాపిత సామర్థ్యం కలిపితే 1,374 మెగావాట్లవుతుంది. ఇంత విద్యుత్తు పుట్టే నేల మీదనే, ఊరి చివరి స్తంభం నుంచి సర్వీసు తీగ లాగిన ఇంట్లో, యాసంగి పంటకు మోటార్లు నడిచే వేళ మల్టీమీటరు పెట్టి చూస్తే 180 వోల్టులు, అర్ధరాత్రి మోటార్లు ఆగాక 250 వోల్టులు కనిపించే సందర్భాలుంటాయి.

కేంద్రంలో పుట్టిన విద్యుత్తు పక్క ఊరి కోసం ఆగదు. అది అధిక వోల్టేజీకి ఎక్కి రాష్ట్రమంతటి గ్రిడ్‌లో కలిసిపోతుంది. ఇంటికి చేరే వోల్టేజీని నిర్ణయించేది ఊరి ట్రాన్స్‌ఫార్మరు, అక్కడి నుంచి ఇంటిదాకా సాగిన అల్యూమినియం తీగ. 34 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత వైశాల్యం గల అల్యూమినియం తీగకు కిలోమీటరుకు దాదాపు 0.9 ఓమ్‌ల నిరోధం ఉంటుంది కనుక, అర కిలోమీటరు దూరంలో ఐదు హార్స్‌పవర్ మోటార్లు పది నడుస్తూ ఒక్కో ఫేజు మీద సుమారు 75 ఆంపియర్లు లాగితే, ఆ తీగలోనే 34 వోల్టుల దాకా ఖర్చయిపోతాయి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలయ్యాక మోటార్లన్నీ కొద్ది గంటల్లోనే నడిచి తీరాల్సిన అవసరం తగ్గింది గాని, కరెంటు పోయి వచ్చిన క్షణంలో ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒకేసారి లేచినప్పుడు వోల్టేజీ కుంగిపోవడం మాత్రం భౌతికశాస్త్ర నియమం ప్రకారమే జరుగుతుంది. 1956 నాటి భారత విద్యుత్ నియమావళి వినియోగదారుడి వద్ద వోల్టేజీ ఆరు శాతానికి మించి అటూ ఇటూ కాకూడదని చెప్పింది. 230 వోల్టుల లెక్కన అది 216కూ 244కూ మధ్య ఉండాలి. చివరి స్తంభం దగ్గర పనిచేసే వారు ఆ హద్దుల వెలుపలికి కూడా సిద్ధపడి ఉండాలి.

ఎలక్ట్రానిక్స్ నేర్చుకునే వారికి ఇది చిన్న విషయం కాదు. పాఠ్యపుస్తకాల్లోని పవర్ సప్లై సర్క్యూట్లన్నీ సరిగ్గా 230 వోల్టులు వస్తాయని, గది ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ అని అనుకొని లెక్క కట్టినవే. మే నెలలో పగటి వేడి 42 డిగ్రీలు దాటే గద్వాలలో, రేకుల కప్పు కింద 45 డిగ్రీలకు చేరే గదిలో, 180 నుంచి 250 దాకా ఊగే కరెంటు మీద అదే సర్క్యూటు కొన్నిసార్లు చాలినంత వోల్టేజీ ఇవ్వలేదు, మరికొన్నిసార్లు తన వేడికి తానే ఆగిపోతుంది. సర్క్యూటు మార్చవలసిన పని లేదు. లెక్క మొదలుపెట్టే అంకెలు మార్చితే చాలు. ఈ అధ్యాయం ఆ లెక్క గురించినది.

ప్రవాహానికి హద్దు

బెంచ్ పవర్ సప్లై అంటే పని బల్ల మీద పెట్టుకొని, కావలసిన వోల్టేజీని మరతో తిప్పి తీసుకోగల ఏకముఖ విద్యుత్ పరికరం. పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లో దీన్ని ఆర్‌పీఎస్ అని, అంటే రెగ్యులేటెడ్ పవర్ సప్లై అని పిలుస్తారు. సున్నా నుంచి 30 వోల్టుల దాకా, రెండు ఆంపియర్ల దాకా ఇచ్చే పెట్టెలు అక్కడ సర్వసాధారణం. వనపర్తి సంస్థానాధీశుల రాజభవనంలో 1959లో ఆరంభమైన కృష్ణదేవరాయ పాలిటెక్నిక్ వంటి సంస్థ ఉన్న ప్రాంతంలో ఈ పరికరం తెలియని ఎలక్ట్రానిక్స్ విద్యార్థి ఉండడు. కాని కళాశాల గంట కొట్టాక, సెలవుల్లో, ఊళ్ళో ఇంటి దగ్గర ప్రయోగం కొనసాగించాలనుకునే విద్యార్థి చేతిలో ఉండేది సాధారణంగా పాత ఎలిమినేటరు గాని, మోటారు సైకిలు బ్యాటరీ గాని.

ఈ రెండింటి లోపాలు వేర్వేరు. మార్కెట్లో దొరికే ట్రాన్స్‌ఫార్మరు రకం ఎలిమినేటరు మీద 12 వోల్టులని రాసి ఉన్నా, భారం లేనప్పుడు కొలిస్తే 16, 17 వోల్టులు చూపించవచ్చు, ఎందుకంటే లోపల ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్లు, కెపాసిటరు తప్ప వోల్టేజీని నిలబెట్టే భాగమేదీ లేదు. ఐదు వోల్టులతో నడవవలసిన మైక్రోకంట్రోలరుకు ఇలాంటి మూలం నేరుగా తగిలితే అది క్షణంలో పాడవుతుంది. బ్యాటరీ వోల్టేజీ స్థిరమైనదే, కాని దాని ప్రమాదం మరోచోట ఉంది: మోటారు సైకిలు బ్యాటరీ రెండు కొసలనూ పొరపాటున సన్నని తీగ కలిపితే పదుల ఆంపియర్లు ప్రవహించి తీగ ఎర్రబడి, తొడుగు కరిగి, చేతికి అంటుకుంటుంది. ఇన్వర్టరు బ్యాటరీతో ప్రయోగాలు చేయడం ఇంకా ఎక్కువ ప్రమాదం, దాన్ని పూర్తిగా మానుకోవాలి.

మంచి బెంచ్ సప్లైకి అసలు విలువ అది ఇచ్చే వోల్టేజీలో కంటే, అది ఇవ్వకుండా ఆపే ప్రవాహంలో ఉంది. కొత్తగా అతికిన బోర్డు మీద ఏదో ఒక టంకం చుక్క రెండు గీతల్ని కలిపేసి ఉండవచ్చు, ఐసీని తిరగేసి పెట్టి ఉండవచ్చు, కెపాసిటరు ధన రుణ కొసలు తారుమారై ఉండవచ్చు. ప్రవాహానికి నూరు మిల్లీఆంపియర్ల హద్దు పెట్టి ఐదు వోల్టులిస్తే, ఎంత పెద్ద తప్పు జరిగినా బోర్డులోకి వెళ్ళే శక్తి అర వాటుకు మించదు. భాగం కాస్త వెచ్చబడుతుందే గాని మాడిపోదు, తప్పు వెతకడానికి సమయం దొరుకుతుంది. నేర్చుకునే వారికి ఈ హద్దు కంటే గొప్ప గురువు లేదు.

మూడు కాళ్ళ ఐసీ

వోల్టేజీని నిలబెట్టే పనిని ఒకప్పుడు విడివిడి ట్రాన్సిస్టర్లతో చేసేవారు. అమెరికాలో ఫెయిర్‌చైల్డ్ సంస్థ 1960ల చివర్లో తెచ్చిన 723 ఐసీ ఆ పనిలో చాలా భాగాన్ని ఒక చిన్న ముక్కలో ఇమిడ్చింది. ఆ తరువాత 1976లో నేషనల్ సెమీకండక్టర్ సంస్థలో రాబర్ట్ డాబ్కిన్ ఎల్ఎం317ను రూపొందించాడు. మూడే కాళ్ళున్న ఈ ఐసీ చౌకగా దొరుకుతూ ఈనాటికీ అభిరుచి గలవారి బల్లల మీద నిలిచి ఉంది. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీ ఇలాంటి విడిభాగాలకు పేరుపడిన చోటు. గద్వాల, వనపర్తి రోడ్డు స్టేషన్లలో రైలెక్కి కాచిగూడలో దిగినవారికి, నాగర్‌కర్నూల్ నుంచి బస్సులో మహాత్మాగాంధీ బస్ స్టేషనుకు చేరినవారికి అది ఎంతో దూరం కాదు.

ఈ ఐసీ పనితీరులోని సౌందర్యం దాని సూత్రంలోని పొదుపులో ఉంది. తన నిర్గమ కాలుకూ, సర్దుబాటు కాలుకూ నడుమ ఎప్పుడూ 1.25 వోల్టుల భేదాన్ని నిలిపి ఉంచడమే అది చేసే పని. ఆ రెండు కాళ్ళ మధ్య 120 ఓమ్‌ల రెసిస్టరు పెడితే దానిలో 10.4 మిల్లీఆంపియర్ల ప్రవాహం స్థిరంగా సాగుతుంది. సర్దుబాటు కాలు నుంచి రుణ కొసకు ఒక కిలో ఓమ్ పొటెన్షియోమీటరు, అంటే తిప్పి నిరోధాన్ని మార్చుకొనే మర, పెడితే అదే ప్రవాహం దాని గుండా కూడా సాగి, నిరోధం పెరిగే కొద్దీ వోల్టేజీ పెరుగుతుంది. మర సున్నా దగ్గర ఉన్నప్పుడు నిర్గమంలో 1.25 వోల్టులు, పూర్తిగా తిప్పినప్పుడు దాదాపు 11.7 వోల్టులు వస్తాయి. చాలా సర్క్యూట్లలో 120 ఓమ్‌ల స్థానంలో 240 ఓమ్‌లు కనిపిస్తుంది. అది ఇదే కుటుంబానికి చెందిన ఖరీదైన ఎల్ఎం117కు సరిపోయే విలువ. ఎల్ఎం317 అదుపులో ఉండాలంటే దాని నుంచి కనీసం పది మిల్లీఆంపియర్లు ఎప్పుడూ బయటికి పోతూ ఉండాలని తయారీదారులు చెబుతారు కనుక 120 ఓమ్‌లే క్షేమం.

పొటెన్షియోమీటరు విషయంలో చిన్న జాగ్రత్త పెద్ద నష్టాన్ని ఆపుతుంది. ఎండాకాలం గాలులకు లేచే ఎర్రదుమ్ము లోపలికి చేరి, మర మధ్యకాలు ఒక్క క్షణం పట్టు వదిలితే సర్దుబాటు కాలు గాలిలో వేలాడుతుంది. అప్పుడు లోపలికి వచ్చే వోల్టేజీ దాదాపు అంతా నిర్గమంలోకి దూకుతుంది. మధ్యకాలును పక్కనున్న ఒక చివరి కాలుతో కలిపి అతికితే, పట్టు వదిలినా నిరోధం ఒక కిలో ఓమ్‌కు మించదు, వోల్టేజీ 11.7 దాటదు. ఐదు వోల్టుల బోర్డుకు అదీ ఎక్కువే, కాని పాతిక వోల్టుల దెబ్బతో పోలిస్తే మేలు.

ప్రవాహపు హద్దుకు కూడా ఇదే ఐసీ పనికివస్తుంది. రెండో ఎల్ఎం317ను మొదటిదాని ముందు పెట్టి, దాని నిర్గమ కాలుకు ఒక రెసిస్టరు తగిలించి, సర్దుబాటు కాలును ఆ రెసిస్టరు అవతలి కొసకు కలిపితే, రెసిస్టరు మీద 1.25 వోల్టులకు మించి పడనివ్వదు, అంటే 1.25ను నిరోధంతో భాగించగా వచ్చినదే గరిష్ఠ ప్రవాహం. 2.4 ఓమ్‌లకు అర ఆంపియరు, 12 ఓమ్‌లకు 104 మిల్లీఆంపియర్లు, 27 ఓమ్‌లకు 46 మిల్లీఆంపియర్లు. ఒక రోటరీ స్విచ్చితో ఈ మూడింటిలో ఒకదాన్ని ఎంచుకోవచ్చు. వోల్టేజీ ఐసీ తన అవసరానికి పది మిల్లీఆంపియర్లు ఎలాగూ తీసుకుంటుంది కనుక, చివరి అమరికలో ప్రయోగానికి మిగిలేది 36 మాత్రమే. ఎల్ఈడీ బల్బులు పరీక్షించడానికి అది చాలు. 2.4 ఓమ్‌ల రెసిస్టరులో ముప్పావు వాటుకు దగ్గరగా వేడి పుడుతుంది కనుక అది రెండు వాట్ల రకమై ఉండాలి.

కింది హద్దు

ఇక ముందుకు, గోడ ప్లగ్గు వైపు, పోవాలి. 12 వోల్టులకు దగ్గరగా, అర ఆంపియరు ఇవ్వాలంటే ట్రాన్స్‌ఫార్మరు ఎన్ని వోల్టులదై ఉండాలన్న ప్రశ్నకు పుస్తకాలు సాధారణంగా 15 అంటాయి. 230 వోల్టుల దగ్గర అది నిజమే. 180 వోల్టుల దగ్గర 15 వోల్టుల ద్వితీయ చుట్ట 11.7 వోల్టులే ఇస్తుంది. ఏకాంతర విద్యుత్తు శిఖరం దాని ప్రభావ విలువకు 1.41 రెట్లుంటుంది కనుక శిఖరం 16.6 వోల్టులు, నాలుగు డయోడ్ల బ్రిడ్జి, అంటే ఏకాంతరాన్ని ఏకముఖంగా మార్చే అమరిక, అందులో దాదాపు 1.8 వోల్టులు తినేస్తుంది, మిగిలేది 14.8. అందులోంచి అలల లోతును కూడా తీసివేయాలి.

బ్రిడ్జి తరువాత ఉండే పెద్ద కెపాసిటరు జూరాల జలాశయం లాంటిది; వరద వచ్చినప్పుడు నిండి, వరద తగ్గిన సమయంలో తన నిల్వ నుంచి కాలువకు ఇస్తూ మట్టం మెల్లగా దిగుతుంది. 50 హెర్ట్జ్‌ల సరఫరాలో బ్రిడ్జి ద్వారా ఈ నిండడం సెకనుకు 100 సార్లు జరుగుతుంది. 4700 మైక్రోఫారడ్ల కెపాసిటరు నుంచి అర ఆంపియరు తీసుకుంటే రెండు నిండుదలల మధ్య మట్టం సుమారు ఒక వోల్టు దిగుతుంది. అంటే 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరుతో, 180 వోల్టుల కరెంటు మీద, అట్టడుగు మట్టం 13.8 వోల్టులకు పడిపోతుంది. రెండు ఐసీలూ తమలో చెరి 1.7 వోల్టుల వరకు, హద్దు రెసిస్టరు 1.25 వోల్టులు మింగేస్తాయి కనుక నిర్గమంలో 9 వోల్టులకు మించి నిలవదు. మర 12 చూపిస్తున్నా రేడియో సర్క్యూటులో సెకనుకు నూరుసార్ల గుర్రు వినబడుతుంది. నేర్చుకునేవారు తమ సర్క్యూటును నిందించుకుంటూ గంటలు గడుపుతారు.

18 వోల్టుల ద్వితీయ చుట్ట తీసుకుంటే లెక్క మారుతుంది. 180 దగ్గర అది 14.1 వోల్టులిస్తుంది, శిఖరం 19.9, బ్రిడ్జి తరువాత 18.1, అల తీసేస్తే 17. అవసరమైనది 16.4. అర వోల్టుకు పైగా మిగులుతుంది. ఈ ట్రాన్స్‌ఫార్మరు దుకాణంలో ఆ పేరుతో దొరకకపోతే బెంగ పడనక్కరలేదు. 9-0-9 ఒక ఆంపియరు ట్రాన్స్‌ఫార్మరు దాదాపు ప్రతి చోటా ఉంటుంది, దాని మధ్య తీగను టేపు చుట్టి వదిలేసి రెండు చివరి తీగల్ని వాడితే 18 వోల్టులే. అర ఆంపియరు ఏకముఖ విద్యుత్తు కోసం ఒక ఆంపియరు చుట్ట ఎందుకంటే, కెపాసిటరు శిఖరాల దగ్గర మాత్రమే గబగబా తాగుతుంది కనుక చుట్టలోని ప్రభావ ప్రవాహం నిర్గమానికి దాదాపు 1.8 రెట్లుంటుంది. అదే కారణంగా డయోడ్లు కూడా 1ఎన్4007 బదులు మూడు ఆంపియర్ల 1ఎన్5408 రకం వాడటం మంచిది.

రిలే రకం స్టెబిలైజరు ఉన్న ఇళ్ళలో ఈ బాధ తగ్గుతుంది గాని, అది చుట్టలు మార్చే ప్రతిసారీ కొద్ది మిల్లీసెకన్లు కరెంటు తెగుతుంది. ఇరవై మిల్లీసెకన్ల అంతరాయంలో అర ఆంపియరు భారం మీద కెపాసిటరు మట్టం రెండు వోల్టులకు పైన దిగుతుంది. ఐదు వోల్టుల ప్రయోగానికి అది తెలియను కూడా తెలియదు.

పై హద్దు

కింది హద్దును దాటడానికి పెంచిన ప్రతి వోల్టూ పై హద్దు దగ్గర వేడిగా తిరిగి వస్తుంది. 250 వోల్టుల రాత్రి 18 వోల్టుల చుట్ట 19.6 ఇస్తుంది, భారం లేనప్పుడు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు మరో 15 శాతం దాకా ఎక్కువిస్తాయి కనుక కెపాసిటరు మీద 30 వోల్టులు నిలవవచ్చు. 35 వోల్టుల కెపాసిటరు ఈ చోట పనికిరాదు. 50 వోల్టులది కావాలి, అది కూడా 85 డిగ్రీల రకం కాక 105 డిగ్రీల రకం. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు లోపలి ద్రవం వేడికి ఆరిపోతుంది. ఉష్ణోగ్రత ప్రతి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్ల వాడుక లెక్క.

వేడి లెక్కలో చెడ్డ పరిస్థితి నిర్గమ కొసలు రెండూ కలిసిపోయినప్పుడు వస్తుంది. అప్పుడు కెపాసిటరు మీదున్న పాతిక వోల్టుల్లో హద్దు రెసిస్టరు, వోల్టేజీ ఐసీ కలిసి మూడు వోల్టులు తీసుకోగా, మిగిలిన 22 వోల్టులు హద్దు ఐసీ మీద పడతాయి. అర ఆంపియరుతో గుణిస్తే 11 వాట్లు. ఇది గోరంత సిలికాన్ ముక్క మీద పుట్టే వేడి. టీఓ-220 తొడుగులో ఉన్న ఎల్ఎం317లో సిలికాన్ నుంచి వెనుక రేకుదాకా ప్రతి వాటుకు సుమారు ఐదు డిగ్రీల అంతరం ఏర్పడుతుంది, అంటే 55 డిగ్రీలు. సిలికాన్ 125 డిగ్రీలు దాటకూడదు. గది 25 డిగ్రీలైతే ఐసీ వెనుక విద్యుత్తును ఆపడానికి వేసే మైకా పొరకూ, హీట్ సింకుకూ, అంటే వేడిని గాలికి వదిలే రెక్కల అల్యూమినియానికీ, 45 డిగ్రీలు మిగులుతాయి. 11తో భాగిస్తే వాటుకు 4.1 డిగ్రీలు, మైకాకు 0.7 పోగా 3.4. అరచేతిలో ఇమిడే సింకు చాలు. గది 45 డిగ్రీలైతే మిగిలేది 25 మాత్రమే, వాటుకు 2.3, మైకా పోగా 1.6. అదే సర్క్యూటుకు, అదే ఐసీకి, సింకు రెండింతలకు పైగా పెద్దది కావాలి, లేదా చిన్న ఫ్యాను తోడు కావాలి. పాఠ్యపుస్తకాల్లో 25 డిగ్రీల అంకె అలాగే నిలిచిపోయింది. గద్వాల ప్రాంతమైన నడిగడ్డలో ఎండాకాలం పనిచేసేవారు దాన్ని చెరిపి 45 రాసుకోవాలి.

సింకును పెట్టె లోపల దాచడం అందానికి బాగుంటుంది గాని పనికి బాగుండదు. పెట్టె లోపలి గాలి బయటి గాలి కంటే మరో పది డిగ్రీలు వేడెక్కితే పై లెక్కలో మిగిలిన పాతిక డిగ్రీలు పదిహేనవుతాయి. వెనుక గోడకు బయట, రెక్కలు నిలువుగా ఉండేట్టు బిగించాలి. ఐసీ వెనుక రేకు దాని నిర్గమ కాలుతో లోపల కలిసే ఉంటుంది. రెండు ఐసీల రేకులూ వేర్వేరు వోల్టేజీల దగ్గర ఉంటాయి కనుక రెండింటికీ మైకా, ప్లాస్టిక్ వాషరు, పలచగా హీట్ సింక్ పేస్టు వేసి బిగించి, కరెంటు ఇవ్వకముందే మల్టీమీటరుతో రేకుకూ సింకుకూ మధ్య సంబంధం లేదని చూసుకోవాలి. పేస్టు ఎక్కువైతే మేలు జరగదు, రెండు తలాల మధ్య గాలి సందులు నింపడమే దాని పని.

ఈ పరికరం పొదుపైనది కాదన్న నిజాన్ని దాచవలసిన పని లేదు. ఐదు వోల్టుల దగ్గర అర ఆంపియరు ఇచ్చేటప్పుడు ప్రయోగానికి చేరేది రెండున్నర వాట్లు, మిగతా తొమ్మిది వాట్ల దాకా వేడి. దీనికి ప్రతిఫలం నిశ్శబ్దం. మొబైల్, ల్యాప్‌టాప్ చార్జర్లలోని స్విచింగ్ సర్క్యూటు సెకనుకు వేలాదిసార్లు కరెంటును తెంచి కలుపుతూ పనిచేస్తుంది. దాని పొదుపు గొప్పదే గాని ఆ తెంచి కలపడం నుంచి పుట్టే రొద మీడియం వేవ్ పట్టీ అంతటా పరుచుకుంటుంది. సొంతంగా రేడియో కట్టి 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ ఆకాశవాణి కేంద్రాన్ని పట్టుకోవాలనుకునేవారికి ఈ రొద తేడా చెవికే తెలుస్తుంది.

ప్రాణానికి సంబంధించిన పని

230 వోల్టుల తీగల్ని చేతితో అతికేవారు కొన్ని విషయాల్లో రాజీ పడకూడదు. ఫేజు తీగ మొదట ఫ్యూజుకు, తరువాత స్విచ్చికి, తరువాతే ట్రాన్స్‌ఫార్మరుకు పోవాలి. ఈ పరిమాణానికి 250 మిల్లీఆంపియర్ల నిదాన రకం ఫ్యూజు సరిపోతుంది, తొందరగా కరిగే రకమైతే స్విచ్చి వేసిన క్షణంలోని ఉరవడికే పోతుంది. ఫ్యూజు తరువాత ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య 275 వోల్టుల మెటల్ ఆక్సైడ్ వేరిస్టరు పెట్టాలి. మామూలు వోల్టేజీ దగ్గర అది లేనట్టే ఉంటుంది, ఊరి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రలు తెగి ఇంట్లోకి 400 వోల్టులు వచ్చినప్పుడు అది తెరుచుకొని ఫ్యూజును కాల్చేసి మిగతా పరికరాన్ని కాపాడుతుంది. పెట్టె ఇనుముదైతే మూడు పిన్నుల ప్లగ్గులోని ఆకుపచ్చ తీగ పెట్టెకు నట్టు బిగించి కలపాలి, రంగు గీకి మరీ కలపాలి. ఎండాకాలం నేల ఆరిపోయినప్పుడు ఎర్తు గుంత నిరోధం పెరుగుతుంది. బొగ్గు, ఉప్పు వేసిన గుంతలో నీళ్ళు పోసే పాత అలవాటుకు శాస్త్రీయమైన ఆధారం ఉంది, దాన్ని మానకూడదు. నిర్గమ కొసలను మాత్రం ఎర్తుకు కలపకుండా స్వతంత్రంగా వదలాలి.

పాఠశాల వయసు పిల్లలు, ఒంటరిగా నేర్చుకునేవారు ట్రాన్స్‌ఫార్మరు భాగాన్ని పూర్తిగా వదిలిపెట్టడం ఉత్తమం. పాత ల్యాప్‌టాప్ అడాప్టరు 100 నుంచి 240 వోల్టుల దాకా దేనిమీదనైనా నడిచి 19 వోల్టులిస్తుంది. 180 వోల్టుల బాధ దానికి లేదు, ప్రాణాంతకమైన తీగలు దాని మూసిన తొడుగులోనే ఉండిపోతాయి. దాని వెనుక ఇవే రెండు ఐసీలు, ఇవే రెసిస్టర్లు పెడితే 12 వోల్టుల దాకా, హద్దుతో సహా, అన్నీ వస్తాయి, 19 వోల్టులే కనుక వేడి కూడా తక్కువ. రేడియో రొద ఒక్కటే దాని లోటు. అడాప్టరు తొడుగును మాత్రం తెరవకూడదు, లోపల 300 వోల్టులకు పైన ఏకముఖ విద్యుత్తు నిలిచి ఉంటుంది.

నిర్గమ కొసల దగ్గర కూడా కెపాసిటరు ఉంటుంది. అది ఎంత పెద్దదైతే అంత మంచిదనుకోవడం వ్యాపించి ఉన్న పొరపాటు. 1000 మైక్రోఫారడ్లు 12 వోల్టుల దగ్గర 72 మిల్లీజౌళ్ళ శక్తిని దాచుకొని ఉంటాయి. ఎల్ఈడీని తాకించిన క్షణంలో ఆ శక్తి హద్దు ఐసీని అడగకుండానే ఎల్ఈడీలోకి దూకుతుంది. 10 మైక్రోఫారడ్లు చాలు. స్విచ్చి ఆపినప్పుడు బయటి బోర్డు మీది కెపాసిటర్లలోని విద్యుత్తు ఐసీ గుండా వెనక్కి ప్రవహించకుండా వోల్టేజీ ఐసీ నిర్గమం నుంచి దాని ప్రవేశం వైపుకు ఒక 1ఎన్4007 డయోడు వేయాలి.

తొలిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బోర్డు, అంటే ఫేజు తీగకు వరుసలో 60 వాట్ల ఫిలమెంటు బల్బు ఉన్న బోర్డు, కంటే మంచి రక్షణ లేదు. లోపల ఎక్కడైనా తీగలు కలిసి ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, పరికరానికి ఏమీ కాదు; అంతా సవ్యంగా ఉంటే స్విచ్చి వేసిన క్షణంలో ఒకసారి మిణుకుమని ఆరిపోతుంది. ఆ తరువాత సిరీస్ బోర్డు తీసేసి, వోల్టేజీ మర కింది నుంచి పై దాకా తిప్పుతూ 1.25 నుంచి 11.7 దాకా ఎక్కడా తడబడకుండా పెరుగుతోందని మల్టీమీటరుతో చూడాలి. ఆన్‌లైన్‌లో చౌకగా దొరికే ఎర్ర, నీలి అంకెల మీటర్లు ముందు పలక మీద సౌకర్యమే గాని, వాటిని కొలబద్దగా నమ్మకుండా మల్టీమీటరుతో సరిచూసి, ఎంత తేడా చూపిస్తున్నాయో పలక మీద చిన్న కాగితం అంటించి రాసుకోవడం మేలు.

హద్దును కంటితో చూడాలంటే మోటారు సైకిలు ఇండికేటరు బల్బు చక్కని సాధనం. 12 వోల్టుల, 10 వాట్ల ఆ బల్బు వేడెక్కాక 0.8 ఆంపియర్లు తీసుకుంటుంది, చల్లగా ఉన్న క్షణంలో దాని ఫిలమెంటు నిరోధం వేడెక్కినప్పటి నిరోధంలో పదో వంతు మాత్రమే కనుక అంతకు ఎన్నో రెట్లు లాగాలని చూస్తుంది. బ్యాటరీకి తగిలిస్తే భగ్గున వెలుగుతుంది. 104 మిల్లీఆంపియర్ల హద్దు మీద అసలు వెలగదు. అర ఆంపియరు హద్దు మీద ఫిలమెంటు ముదురు నారింజ రంగులో మెల్లగా రాజుకొని అక్కడే ఆగుతుంది, వోల్టుమీటరు 12 నుంచి జారి సగం దగ్గర నిలుస్తుంది. హద్దు రెసిస్టరు తన పని తాను చేస్తోందనడానికి ఇదే నిదర్శనం.

చివరి పరీక్ష మే నెల మధ్యాహ్నం, తలుపులు మూసిన గదిలో చేయాలి. నిర్గమ కొసలు రెండింటినీ దళసరి తీగతో కలిపి, హద్దును అర ఆంపియరు దగ్గర పెట్టి, అరగంట వదిలి, మల్టీమీటరుతో వచ్చే ఉష్ణోగ్రత ప్రోబును ఐసీ పక్కనే సింకుకు ఆనించి చూడాలి. పైన వేసిన లెక్క ప్రకారం సింకు 62 డిగ్రీలు దాటకూడదు, పరీక్ష వేళ కరెంటు 250 కంటే తక్కువగా ఉంటే ఇంకా తక్కువే ఉండాలి. దాటితే, లేదా ఐసీ తన లోపలి ఉష్ణరక్షణతో ప్రవాహాన్ని తెంచి మళ్ళీ కలుపుతూ ఉంటే, పెద్ద సింకు వెతకడం ఒక దారి, 2.4 ఓమ్‌ల రెసిస్టరు తీసి 3.3 ఓమ్‌లది అతకడం రెండో దారి. అప్పుడు హద్దు 0.38 ఆంపియర్లవుతుంది, వేడి ఎనిమిదిన్నర వాట్లకు దిగుతుంది, మైకా పోగా వాటుకు 3.8 డిగ్రీల సింకు సరిపోతుంది, అంటే పుస్తకం 25 డిగ్రీల గదిలో అర ఆంపియరుకు చెప్పిన సింకే 45 డిగ్రీల గదిలోనూ చాలుతుంది.